సర్వర్ కొనాలా, క్లౌడ్‌కి పోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ అండీ. కాటా, గేట్‌పాస్, రైతులకి సరుకు రసీదుగా ఇచ్చే బాండ్లు, అద్దె లెక్కలు అన్నీ ఒక్క సాఫ్ట్‌వేర్‌లోనే, పదిహేను మంది వాడతాం. సర్వర్‌కి ఎనిమిదేళ్లు, రోజూ హ్యాంగ్ అవుతోంది. ఒకాయన నాలుగు లక్షల సర్వర్ కొనమంటున్నాడు, మా మేనల్లుడేమో ఇంకా ఆ డబ్బా ఎందుకు మావయ్యా, క్లౌడ్‌కి పోదాం అంటాడు. రైతులు తమ బస్తాలు ఫోన్లో చూసుకునేలా యాప్ కూడా పెట్టాలనుంది. ఏం చేయమంటారు?

జవాబు: సరుకు దిగే సీజన్‌లో గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు రోడ్డు తవ్వేవాళ్లు ఇంటర్నెట్ ఫైబర్ తెంపేశారనుకోండి, క్లౌడ్‌లో, అంటే ఎక్కడో వేరే కంపెనీ డేటా సెంటర్లో, మీ సర్వర్ నిక్షేపంగా ఉంటుంది, కాటా దగ్గర చీటీ మాత్రం రాదు, రైతులు మీ మీద పడతారు. అందుకే కాటా, గేటు పని ఆఫీసులోనే ఉండాలి, మేనల్లుడు ఏమనుకున్నా సరే.

ఇంకోటి, క్లౌడ్ అంటే గంటల లెక్కన అద్దె. ఇంటర్ రిజల్ట్స్ సైట్ లాంటి వాటికి అది బాగా కిట్టుబాటు, ఏడాదంతా ఖాళీగా ఉండి ఒక్కరోజు లక్షల మంది పడతారు కాబట్టి. మీది రోజూ అదే పదిహేను మంది, అదే పని, నెలకి 720 గంటలూ మీటరు తిరుగుతూనే ఉంటుంది. మెషిన్ ఆపేసినా డిస్క్ అద్దె ఆగదు, బయటికెళ్లే డేటాకి వేరే లెక్క, పైన 18 శాతం జీఎస్టీ. జనం ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచే డ్రాప్‌బాక్స్ అంతటి కంపెనీ కూడా లెక్కలేసుకుని 2016 కల్లా చాలావరకు అమెజాన్ క్లౌడ్ నుంచి సొంత మెషిన్ల మీదకి మారిపోయింది.

అలాగని నాలుగు లక్షలూ దండగే. పదిహేను మందికి చిన్న టవర్ సర్వర్, రెండు ఎస్‌ఎస్‌డీ డిస్కులు రెయిడ్‌లో (రెండింట్లోనూ ఒకే డేటా, ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది), మంచి యూపీఎస్ చాలు. 300 వాట్లు లాగినా నెలకి 216 యూనిట్లు, యూనిట్ పది రూపాయలేసుకున్నా రెండు వేల చిల్లర, ఏసీ ఖర్చు వేరే.

రెయిడ్ ఉంది కదా బ్యాకప్ ఎందుకు అనకండి. మా పాత ఆఫీసులో బ్యాకప్ హార్డ్‌డిస్క్‌ని సర్వర్ నెత్తినే పెట్టేవాళ్లం, ఓ రాత్రి ఏసీ నీళ్లు కారి రెండూ ఒకేసారి పోయాయి, పదకొండు రోజులు పాత బిల్లు పుస్తకాలు ముందేసుకుని మళ్లీ ఎంట్రీలు కొట్టాం. మీ దగ్గర పోయేది బాండ్ల లెక్క, వాటి మీద బ్యాంకు లోన్లు ఉంటాయి, గుర్తుంచుకోండి.

కాబట్టి బ్యాకప్ రోజూ రాత్రి క్లౌడ్‌కి వెళ్లాలి. అమెజాన్‌కి 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనే క్లౌడ్ రీజియన్, అంటే డేటా సెంటర్ల గుంపు, ఉంది. రైతుల యాప్ కూడా అక్కడే పెట్టండి, బస్తాల నిల్వ కాపీ గంటకోసారి పంపితే చాలు, యాప్ కోసం ఆఫీసు సర్వర్‌ని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టొద్దు. ఆ పని మేనల్లుడికి అప్పజెప్పండి, నెలకోసారి బ్యాకప్‌ని వేరే పీసీలో ఎక్కించి మీరు చెప్పిన బాండు నంబరు కొట్టి బస్తాలు చూపించమనండి.