ఆ మూడొందలు ఎవరి జేబులోవి?

ప్రశ్న: మాది కావలి. మా పిల్లోడు బీకాం రెండో సంవత్సరం. హోటళ్లకు రివ్యూలు రాస్తే డబ్బులిచ్చే వెబ్‌సైట్ ఒకటి చూశాడు. ముందు రెండు వేలు కట్టాలట. ఆపైన ఒక్కో ఫ్రెండ్‌ని చేర్పిస్తే 300 ఇస్తారట. రిజిస్టర్డ్ కంపెనీయేనని సర్టిఫికెట్ కూడా చూపిస్తున్నాడు. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దమ్మా. అయితే నా మాట మీద ఆపితే పిల్లోడు వినడు. పక్కన కూర్చోబెట్టుకుని వాడితోనే వెతికించండి.

సర్టిఫికెట్ మీద సీఐఎన్ అని, అంటే కంపెనీ గుర్తింపు సంఖ్య, అక్షరాలూ అంకెలూ కలిపి 21 ఉండే నంబరు ఉంటుంది. కంపెనీ ఏ రాష్ట్రంలో, ఏ ఏడాది నమోదైందో అందులోనే కనిపిస్తుంది. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో ఆ నంబరు కొట్టి, పేరు అక్షరం పొల్లుపోకుండా కలిసిందో లేదో చూడమనండి. ఇంకొకరి నంబరు తెచ్చి అతికించే ఘనులూ ఉన్నారు. వెబ్‌సైట్ పేర్ల నమోదు వివరాలు చూపించే 'హూయీజ్' (Whois)లో వెతికితే వెబ్‌సైట్ పేరు ఏ తేదీన కొన్నారో తెలుస్తుంది. మొన్న ఒకమ్మాయి నాకు చూపించిన సైట్‌లో 'పన్నెండేళ్ల అనుభవం' అని ఉంది. తీరా చూస్తే పేరు కొని నలభై రోజులు!

ఇవన్నీ సరిపోయినా నేను ఒప్పుకోను. రిజిస్టర్ అయిందంటే ఆ పేరుతో కంపెనీ ఉందని, అంతే. ఆ 300 ఎక్కడి నుంచి వస్తోంది? కొత్తగా చేరినవాడి రెండు వేలలోంచే అయితే అది గొలుసుకట్టు. 1978 నాటి కేంద్ర చట్టం ప్రకారం అలాంటి స్కీం నడపడమే కాదు, అందులో సభ్యుడిగా చేరడం కూడా నేరమే. పైగా చేర్పించేది ఎవరిని? పక్క బెంచీ వాణ్ణి, మీ వీధి పిల్లల్ని. సైట్ మూసేసిన రోజు వాళ్ల అమ్మానాన్నలు వచ్చి నిలబడేది మీ గుమ్మం ముందే.

ఇక రివ్యూలు. గడప తొక్కని హోటల్లో చేపల పులుసు అమోఘమని రాయాలన్నమాట. ఆ అబద్ధానికి ట్రంకు రోడ్డులో నిజంగా బాగా వండే చిన్న మెస్ గిరాకీ పోతుంది. దాన్ని పని అనడానికి నాకు నోరు రాదు.

ఇప్పటికే కట్టేసి ఉంటే వాడి మీద అరవకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చేతి ఖర్చులకే అయితే ఊళ్లో ఆడిటర్ ఆఫీసులో అడగమనండి. సాయంత్రాలు ట్యాలీ ఎంట్రీలు, జీఎస్టీ బిల్లులు నేర్చుకుంటాడు. మొదట్లో ఇచ్చేది బండి పెట్రోలుకు సరిపోతే గొప్ప. జూలైలో ఆదాయపు పన్ను రిటర్నుల హడావుడి ఉంటుంది కాబట్టి జూన్‌లోనే వెళ్లి కలవమనండి.