సీనియారిటీ నంబరు కావాలా, ఇంటి దగ్గర బేస్ కావాలా: మేనకోడలికి ఉత్తరం

అమ్మలూ,

పెద్ద ఎయిర్‌లైన్ నుంచి ఒకటి, ఫ్రాక్షనల్ జెట్ కంపెనీ నుంచి ఒకటి, రెండు పైలట్ ఆఫర్లూ ఒకే వారంలో వచ్చాయని ఫోన్‌లో చెప్పినప్పుడు నీ గొంతులో సంతోషం కంటే టెన్షనే ఎక్కువగా వినిపించింది. "ఏది మంచిది మావయ్యా?" అని అడిగావు. అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పేయడం ఇష్టం లేక ఉత్తరం రాస్తానన్నాను. 15 ఏళ్లు ఫ్రాక్షనల్‌లో, ఆ తర్వాత పెద్ద ఎయిర్‌లైన్‌లో నడిపినవాణ్ణి. రెండింటి ఉప్పూ తిన్నాను కాబట్టి దేన్నీ చిన్నబుచ్చను.

ముందు మీ ఆయనకు ఫ్రాక్షనల్ అంటే ఏమిటో సరిగ్గా చెప్పు. ప్రైవేటు జెట్ అనగానే అందరూ ఒక కోటీశ్వరుడి సొంత విమానం అనుకుంటారు. ఇది అది కాదు. ఒకే జెట్‌ను చాలామంది వాటాలుగా కొంటారు. అందులో పదహారో వంతు వాటా కొన్నవాళ్లకు ఏడాదికి సుమారు 50 గంటల ప్రయాణం వస్తుంది. 1986లో నెట్‌జెట్స్ ఈ పద్ధతి మొదలుపెట్టింది, 1998లో ఆ కంపెనీని బెర్క్‌షైర్ హాథవే కొనేసింది. ఓనరు కొద్ది గంటల ముందు చెప్పినా విమానం సిద్ధంగా ఉండాలి. కాబట్టి పొద్దున విమానం ఎక్కేటప్పుడు ఆ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటావో నీకే తెలియదు. ఎయిర్‌లైన్ వాళ్లు ఎప్పుడూ చూడని చిన్న చిన్న ఎయిర్‌పోర్టులకు వెళ్తావు. ఎగరడం మీద నిజమైన ఇష్టం ఉన్నవాళ్లకు అది పండగే.

ఒక శీతాకాలం సాయంత్రం ఆస్పెన్‌లో దిగాం. రన్‌వే 7,800 అడుగుల ఎత్తున, చుట్టూ కొండలు, దిగేది ఒక వైపు నుంచి, మళ్లీ లేచేది దానికి ఎదురుదిక్కుగా. ఆ అప్రోచ్‌కి ఒళ్లంతా కళ్లు చేసుకోవాలి. ఇంజన్లు ఆపాక నేను చేసిన మొదటి పని, వెనక్కి వెళ్లి ఓనరుగారి తల్లిని చెయ్యి పట్టుకుని మెట్లు దింపడం. ఆ తర్వాత స్కీల సంచులు దించాను. వాళ్లు వెళ్లిపోయాక కార్పెట్ మీద కుక్క వెంట్రుకలు ఏరి, కాఫీ ఫ్లాస్కు కడిగి, సీటు బెల్టులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా సర్ది, మర్నాటి ప్రయాణానికి ఐస్ చెప్పి అప్పుడు హోటల్‌కి వెళ్లాం. చిన్న జెట్లలో క్యాబిన్ సిబ్బంది ఉండరు, అన్నీ పైలట్లం మనిద్దరమే చూసుకోవాలి. మనుషులతో మాట్లాడటం, వాళ్లకు సాయపడటం నీకు సహజంగా వస్తే ఈ పని బరువనిపించదు. కాక్‌పిట్ తలుపు వేసుకుని ప్రశాంతంగా నడుపుకుందామనుకుంటే మాత్రం ఏడాదిలోనే విసుగొస్తుంది.

డ్యూటీ కూడా నీకు అలవాటైన పార్ట్ 117, అంటే ఎయిర్‌లైన్ పైలట్ల డ్యూటీ నిబంధనల లెక్కల్లో ఉండదు. ఫ్రాక్షనల్‌కు వర్తించే 91కె నిబంధనల కింద 14 గంటల డ్యూటీ, 10 గంటల విశ్రాంతి. అందులో ఎగిరేది మూడు గంటలే కావచ్చు, మిగతాదంతా ఎదురుచూపు. ఆ ఎదురుచూపే ఎక్కువ అలసట తెస్తుంది, నా మాట నమ్ము.

అయినా నేను 15 ఏళ్లు అక్కడే ఎందుకున్నానంటే ఇంటి కోసం. ఏడు రోజులు పని, ఏడు రోజులు సెలవు. డ్యూటీ మొదలయ్యే రోజు మన ఊరి ఎయిర్‌పోర్టు నుంచి కంపెనీయే టికెట్ కొని విమానం ఉన్నచోటికి పంపుతుంది. వచ్చే ఏప్రిల్‌లో ఫలానా తేదీన ఇంట్లో ఉంటానా లేదా అన్నది మీ అత్తయ్య కేలండర్ చూసి చెప్పేసేది. ఆ ఏడు రోజుల్లో ఇంట్లో పెళ్లి వచ్చినా పేరంటం వచ్చినా ఉండలేవు, అది నిజమే. కానీ మిగతా ఏడు రోజులూ పూర్తిగా నీవే.

ఎయిర్‌లైన్‌లో మొదటి ఏడాది నేను రిజర్వ్‌లో ఉన్నాను, అంటే సొంత షెడ్యూలు లేకుండా ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లాలి. డ్యూటీ మొదలయ్యే చోటు, అంటే బేస్, ఒక ఊరు, మా ఇల్లు ఇంకో ఊరు. పైలట్లు పంచుకునే అద్దె బసలో, క్రాష్‌ప్యాడ్ అంటారు, ఒకే గదిలో ఆరుగురం, రెండంతస్తుల మంచాలు. ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకునేవాణ్ణి. తెల్లవారుజామున షెడ్యూలింగ్ నుంచి నాకు ఫోనొస్తే మిగతా ఐదుగురూ లేచి కూర్చునేవాళ్లు. ఇంటి నుంచి బేస్‌కి వెళ్లే ప్రయాణం మన సొంత సమయంలోనే, దానికి జీతం లేదు. మీ వదిన డిగ్రీ పట్టా తీసుకున్న రోజు జంప్‌సీట్ (పైలట్లకు ఇచ్చే అదనపు సీటు) దొరక్క నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. ఆ ఫొటోల్లో నేను లేను. అది ఇప్పటికీ నన్ను కలుక్కుమనిపిస్తుంది.

ఇక అసలు విషయం. ఎయిర్‌లైన్‌లో నువ్వెంత బాగా నడుపుతావన్నది కాదు, ఏ రోజు చేరావన్నదే అన్నీ నిర్ణయిస్తుంది. ఏ విమానం, ఏ బేస్, ఏ సీటు, పండగనాడు సెలవు దొరుకుతుందా లేదా, ఫర్లో (పని లేక ఇంటికి పంపడం) వస్తే ముందు ఎవరు బయటికి వెళ్తారు, అన్నీ చేరిన వరుసలో వచ్చే ఆ సీనియారిటీ నంబరు మీదే. ఒక కంపెనీలో కెప్టెన్‌గా చేసి ఇంకో కంపెనీకి వెళ్తే మళ్లీ అడుగు నుంచే. నేను 2014లో 51 ఏళ్ల వయసులో చేరాను. మా బ్యాచ్‌లో వయసును బట్టి నంబర్లిచ్చారు, పెద్దవాణ్ణి కాబట్టి నాకు అందరికంటే పై నంబరు వచ్చింది. నా పక్కన కూర్చున్న కుర్రాడికి 27. ఆ రోజు వాడికంటే నేనే ముందు. కానీ 65కి నేను దిగిపోవాలి కాబట్టి నాకు మిగిలింది 14 ఏళ్లు, వాడికి 38. నేను దాటలేని మెట్లన్నీ వాడు నింపాదిగా ఎక్కుతాడు. పెద్ద విమానాల కెప్టెన్లకు ఇప్పుడు గంటకు 400 డాలర్లు దాటి వస్తోంది, దాని పైన రిటైర్మెంటు ఖాతాలో కంపెనీ తన వంతుగా జీతంలో 16 శాతం పైనే వేస్తోంది. ఫ్రాక్షనల్‌లోనూ జీతాలు ఈ మధ్య బాగా పెరిగాయి. కానీ చివరి పదిహేనేళ్ల సంపాదన చూస్తే ఎయిర్‌లైన్‌కి సాటి రాదు.

ఉద్యోగ భద్రత చూసి మాత్రం ఏ పక్కకూ మొగ్గకు. 2001 సెప్టెంబరు తర్వాత ఎయిర్‌లైన్లలో వేలమందిని ఇంటికి పంపారు, కొందరికి తిరిగి పిలుపు రావడానికి పదేళ్లు పట్టింది. 2008 మాంద్యం దెబ్బ ఫ్రాక్షనల్‌కూ గట్టిగానే తగిలింది, అప్పుడు నా కింద నంబరున్న పిల్లలు పెట్టెలు సర్దుకుంటుంటే చూశాను. ఆ రెండు సందర్భాల్లోనూ నిలదొక్కుకున్నది జాబితాలో పైనున్నవాళ్లే.

నీకిప్పుడు 28. నా మాట ఎయిర్‌లైన్ అనే. 37 ఏళ్ల సీనియారిటీ మళ్లీ ఎప్పుడూ దొరకదు. నీకే 45 ఏళ్లుండి, పిల్లలు స్కూల్లో ఉండి, ఊరు మారే వీలు లేకపోతే ఇదే చేత్తో ఫ్రాక్షనల్‌కి వెళ్లమని రాసేవాణ్ణి. 2022 చివర్లో వచ్చిన చట్టంతో అతిపెద్ద ఫ్రాక్షనల్ కంపెనీలకు కూడా వయోపరిమితి పెట్టుకునే వీలు వచ్చింది కానీ అది 70. అంటే ఆలస్యంగా వెళ్లినా అక్కడ ఇంకా దారి ఉంటుంది.

కానీ ఒక షరతు మీద చెప్తున్నాను. ఇప్పుడు మీరున్న కొలంబస్‌లోనే ఉంటూ ఏ న్యూయార్క్ బేస్‌కో కమ్యూట్ చేయొద్దు. డెట్రాయిట్ బేస్ వస్తే మూడు గంటల డ్రైవ్, దాన్ని భరించొచ్చు. అదీ కుదరకపోతే బేస్ ఉన్న ఊరికే మారండి. మీ ఆయన ఉద్యోగం అందుకు ఒప్పుకుంటుందా అన్నది మీరిద్దరూ సంతకానికి ముందే తేల్చుకోవాలి. ఆయన మారలేనంటే, త్వరలో పిల్లలు కావాలనుకుంటే, ఫ్రాక్షనల్ నీకు తక్కువేం కాదు. అప్పుడు మనస్ఫూర్తిగా వెళ్లు. నాలాగా "రెండేళ్లు చేసి మారిపోదాం" అనుకుంటూ మాత్రం వెళ్లకు. ఆ సౌకర్యం అలవాటయ్యాక నా రెండేళ్లు పదిహేనయ్యాయి.

సంతకం పెట్టే ముందు ఎయిర్‌లైన్ వాళ్లను రెండు అడుగు. కొత్తవాళ్లకు ఇప్పుడు ఏ బేస్ దొరుకుతోంది, రిజర్వ్‌లో ఎన్నాళ్లుంటున్నారు. రిక్రూటర్ చెప్పింది విని ఊరుకోకు, ఆరు నెలల కింద చేరినవాళ్లని పట్టుకో. ఎక్కడ చేరినా మెడికల్ (ఎగరడానికి ఆరోగ్య సర్టిఫికెట్) పోతే ఆదుకునే డిసెబిలిటీ ఇన్సూరెన్సు మొదటి నెలలోనే తీసుకో. మన ఇంట్లో బీపీ, షుగర్ ఉన్న సంగతి నీకు తెలుసు. 40 దాటాక కెప్టెన్‌కి ఆరు నెలలకోసారి మెడికల్ ఉంటుంది.

ఆదివారం నాకు డెన్వర్‌లో లేఓవర్, రాత్రి బస అక్కడే. రాత్రి 8 తర్వాత ఫోన్ చెయ్యి, మీ ఆయన్నీ పక్కన కూర్చోబెట్టుకో. ఆయన మనసులో ఏముందో ఆయన నోటే వినాలని ఉంది నాకు.

నీ మావయ్య