అమ్మ మందులా, దశమభాగమా?

ప్రశ్న: మాది తెనాలి. మావారు ఒక షాపులో లెక్కలు రాస్తారు, జీతం 28,000. ప్రతి నెలా మొదటి ఆదివారం దశమభాగం, అంటే జీతంలో పదో వంతు, 2,800 కవర్లో పెట్టి గుడిలో (చర్చిలో) ఇచ్చేస్తారు, ఒక్క నెల కూడా తప్పలేదు. మామగారు పోయాక అత్తగారు ఊళ్లో ఒక్కరే ఉంటున్నారు, షుగరు, బీపీ ఉన్నాయి. మొన్న వెళ్లి చూస్తే, నెలాఖరు దాకా సరిపోవాలని మాత్రల్ని కత్తిపీట మీద సగానికి కోసి పాత పౌడరు డబ్బాలో దాచుకున్నారు. మావారితో చెబితే "దేవుని సొమ్ము ముట్టుకోకూడదు, అమ్మను ఆయనే చూసుకుంటాడు" అన్నారు. గట్టిగా అడిగితే ఆయన భక్తికి అడ్డుపడినట్టవుతుందా?
— ఒక సోదరి

జవాబు: అడగండమ్మా, భయపడకుండా అడగండి. అత్తగారి మాత్రల గురించి కోడలు ఇంత దిగులుపడి రాయడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

బైబిల్లో మార్కు సువార్త 7వ అధ్యాయం తీయండి. అప్పట్లో "ఇది కొర్బాను", అంటే దేవుడికి అర్పితం అని ఒక్క మాట అనేస్తే చాలు, ఆ సొమ్ము అమ్మానాన్నలకి ఇవ్వక్కర్లేదని పెద్దలు ఒప్పేసుకునేవారు. యేసు దాన్ని భక్తి అనలేదు, మీ ఆచారం కోసం దేవుని మాటనే కొట్టేస్తున్నారని వాళ్ల మొహం మీదే చెప్పారు. మీవారు "దేవుని సొమ్ము" అంటున్నది అచ్చంగా ఆ కొర్బానే. దశమభాగమంతా దేవుని మందిరానికి తెమ్మనే మలాకీ 3:10 మనం కానుకల వేళ తరచూ వింటాం, కానీ ద్వితీయోపదేశకాండం 14 చివర్లో, మూడో ఏటి దశమభాగం ఊళ్లోనే ఉంచాలి, మందిర సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులూ తండ్రిలేని పిల్లలూ విధవరాండ్రూ తిని తృప్తిపడాలి అని ఉంది, అది ఎంతమంది చదువుతున్నారు? మీ ఇంటి విధవరాలు మీ అత్తగారే కదా. తన ఇంటివారిని చూసుకోనివాడు "అవిశ్వాసికన్న చెడ్డవాడై" ఉంటాడని పౌలు తిమోతికి రాశాడు, చాలా కటువైన మాట, కానీ రాశాడు.

అలాగని గుడికి ఇవ్వడం మానేయమని నేననను. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది, ఆదివారం గుడికి పట్టుకెళ్లేది, వర్షాలకి కూలి దొరకని రోజుల్లో కూడా. కానీ పొయ్యి మీంచి దిగిన మొదటి ముద్ద మాత్రం నాయనమ్మ కంచంలో పడేది. ఈ రెండిటికీ పోటీ ఉందని మాకెప్పుడూ అనిపించలేదు.

మీవారితో ఆదివారం పొద్దున్న, కవరు చేతిలో ఉన్నప్పుడు మాట్లాడకండి, పాస్టరుగారి ముందు అసలే వద్దు. ఈ వాక్యాలన్నీ వల్లించకండి కూడా, మగవాళ్లకి భార్య ప్రసంగం చేస్తే చెవులు మూసుకుపోతాయి. ఒక శనివారం ఆయన్ని ఊరికి తీసుకెళ్లి, ఆ పౌడరు డబ్బా మూత ఆయన చేతే తీయించండి.

ఖర్చు కొంత తగ్గే దారి కూడా ఉంది. షుగరు, బీపీ మామూలు మందులు చాలావరకు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, అక్కడ లేనివి జన ఔషధి షాపులో బాగా తక్కువకి వస్తాయి. అయితే ఇన్నాళ్లూ సగం మాత్రే వేసుకున్నారన్న సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, కొన్ని మాత్రలు అసలు కోయకూడదు. ఇందుకు మీవారు ఒప్పుకునేదాకా, మొదటి ఆదివారం దాకా ఆగకండి, రేపే అత్తగారికి ఫోన్ చేసి ఆ మాత్రల పేర్లు కనుక్కోండి.