పీడాక్‌లో రెజ్యూమేలు పంచకండి

ప్రశ్న: కెనడాలో జియాలజీ మాస్టర్స్ చేస్తున్నాను. మార్చి మొదట్లో టొరంటోలో జరిగే ఖనిజాన్వేషణ సదస్సు పీడాక్‌కి మొదటిసారి వెళ్తున్నా. సీనియర్లేమో రెజ్యూమేలు కట్టలుగా ప్రింట్ తీసి ప్రతి స్టాల్‌లో ఇవ్వమంటున్నారు. ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మిగిలిన టైంలో ఊళ్లో ఏం చూడచ్చో కూడా చెప్పండి. (పేరు వద్దు)

జవాబు: ఆ కట్ట ఇంట్లోనే వదిలెయ్యండి. స్టాల్‌లో నిలబడ్డ మనిషి మీ కాగితం తీసుకుని, నవ్వి, 'వెబ్‌సైట్‌లో అప్లై చెయ్యండి' అంటాడు, అక్కడితో సరి.

అసలు పీడాక్ అంటే ప్రధానంగా ఖనిజం వెతికేవాళ్లు, ఆ వెతుకులాటకి డబ్బు పెట్టేవాళ్లు కలిసే చోటు. లిస్టయిన మైనింగ్ కంపెనీల్లో ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 40 శాతం టొరంటో స్టాక్ ఎక్స్ఛేంజీల్లోనే ఉన్నాయి కాబట్టి ఇది ఈ ఊళ్లో జరగడంలో వింతేం లేదు. ఇన్వెస్టర్స్ ఎక్స్ఛేంజ్ అనే హాల్లో చిన్న చిన్న బూత్‌లు ఉంటాయి, వాటిలో చాలావాటికి ఇంకా గనీ లేదు గినీ లేదు, నాలుగు డ్రిల్ హోల్సూ ఒక మ్యాపూ, అంతే. కానీ అక్కడ చాలాసార్లు సీఈఓనో, ఆ హోల్స్ వేయించిన జియాలజిస్టో స్వయంగా నిలబడి ఉంటాడు. విద్యార్థికి అలాంటివాళ్లు నేరుగా దొరికే చోట్లు ఎక్కువ ఉండవు.

నన్నడిగితే మొదట అక్కడే ఉండే కోర్ షాక్ అనే విభాగానికి వెళ్లండి. డ్రిల్లింగ్‌లో తీసిన కోర్‌ని, అంటే గొట్టంలాంటి రాతి ముక్కల్ని, బాక్సుల్లో తెచ్చి పెడతారు, సదస్సు సగం రోజులు గడిచాక కంపెనీలు మారిపోతాయి, కాబట్టి రెండుసార్లు వెళ్లాలి. రాయి చూసే భూతద్దం మర్చిపోకండి. కోర్ ముందు నిలబడి 'ఈ ఆల్టరేషన్ (రాయిలో వచ్చిన మార్పు) ఎందుకొచ్చింది' అని అడిగితే మాట దానంతటదే సాగుతుంది, మనల్ని మనం పరిచయం చేసుకునే ఇబ్బంది ఉండదు.

ఇక పోస్టర్ మీద '20 మీటర్లకి టన్నుకి 5 గ్రాముల బంగారం' అని పెద్దక్షరాల్లో ఉంటే రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, అసలు మందం ఎంత? డ్రిల్ ఖనిజపు సిరని ఏటవాలుగా కోస్తే పొడవు ఎక్కువ కనిపిస్తుంది. రెండోది, ఆ 20లో ఒక్క మీటరే 80 గ్రాములు వచ్చిందా? అలా అయితే మిగతా 19 మీటర్ల సగటు గ్రాము పైన కొంచెమే, కథ పూర్తిగా మారిపోతుంది. ఈ ప్రశ్నకి చిరాకు పడేవాడి దగ్గర మీకు ఉద్యోగం అక్కర్లేదు. 1997లో బ్రె-ఎక్స్ అనే కెనడా గనుల కంపెనీ కుప్పకూలింది శాంపిళ్లలో బంగారం కలిపిన మోసం బయటపడే, ఆ దెబ్బ తర్వాతే 2001లో కెనడాలో గనుల కంపెనీలు వివరాలు ఎలా వెల్లడించాలో చెప్పే ఎన్ఐ 43-101 నిబంధనలు వచ్చాయి, ఇప్పుడు సాంకేతిక వివరాలకి బాధ్యత వహించే క్వాలిఫైడ్ పర్సన్ పేరు ఉండాల్సిందే. పోస్టర్ అడుగున ఆ పేరు వెతికే అలవాటు చేసుకోండి.

ఉద్యోగం మాటకొస్తే, కొత్తవాళ్లకి జూనియర్ కంపెనీల (ఇంకా గని లేని చిన్న అన్వేషణ కంపెనీల) కన్నా డ్రిల్లింగ్ కాంట్రాక్టర్లు, శాంపిళ్లలో లోహం ఎంతుందో తేల్చే అస్సే ల్యాబ్‌లు, ప్రావిన్సుల జియలాజికల్ సర్వేల స్టాళ్ల దగ్గర ఆశ ఎక్కువ. వేసవి ఫీల్డ్ పనుల గురించి అక్కడ అడగండి. రాత్రి పార్టీలకి పిలిస్తే ఒకదానికి వెళ్లండి, చాలు.

బస సదస్సు జరిగే కన్వెన్షన్ సెంటర్ పక్కనే వెతక్కండి, ఆ వారం రేట్లు మండిపోతాయి. సబ్‌వే లైన్ 1 మీద కాస్త దూరంగా ఉన్నా యూనియన్ స్టేషన్‌లో దిగి స్కైవాక్‌లో లోపల్లోపలే హాలుకి నడిచిపోవచ్చు. చలి పడనివాళ్లకి పాత్ ఉంది, డౌన్‌టౌన్ కింద 30 కిలోమీటర్ల పైచిలుకు నడకదారి, మొదటిరోజు దారి తప్పడం మాత్రం ఖాయం.

ఊళ్లో మీలాంటివాళ్లు తప్పక చూడాల్సింది రాయల్ ఒంటారియో మ్యూజియంలో ఖనిజాల గ్యాలరీ. అక్కడ మరమ్మతులు నడుస్తున్నాయి కాబట్టి ఏ గ్యాలరీ తెరిచి ఉందో ముందే చూసుకోండి. యూనియన్ స్టేషన్ దగ్గరే రాయల్ బ్యాంక్ ప్లాజా ఉంది, దాని అద్దాలకి పూసింది నిజం బంగారమే, దాదాపు 2,500 ఔన్సులు. ఎండ పడ్డప్పుడు బయట నిలబడి చూడండి, టికెట్ లేదు. సీఎన్ టవర్ హాలు పక్కనే, 553 మీటర్లు, మబ్బు పట్టిన రోజున పైకెక్కడం దండగ. నయాగరాకి ఒక రోజు విడిగా ఉంచుకోండి, ఆ చలిలో పడవ షికారు ఉండదు గానీ గడ్డకట్టిన ఒడ్డు చూడ్డానికి బాగుంటుంది.

ప్రశ్న: మాది టిప్పర్లు, ఎక్స్‌కవేటర్ల స్పేర్ పార్టుల వ్యాపారం. నేనూ పీడాక్‌కి వెళ్లచ్చా?

జవాబు: వద్దండీ, మీ సరుకు అక్కడ పెద్దగా ఉండదు. భారీ యంత్రాలు చూడాలంటే లాస్ వెగాస్‌లో మిన్ఎక్స్‌పో, మామూలుగా నాలుగేళ్లకోసారి, కిందటిది 2024 సెప్టెంబర్‌లో అయిపోయింది. మళ్లీ జరిగేదాకా ఆగలేకపోతే కోల్‌కతాలో పరిశ్రమల సంఘం సీఐఐ జరిపే గనుల యంత్రాల ప్రదర్శన ఐఎంఎంఈ ఉంది, రెండేళ్లకోసారి, బొగ్గు గనుల తరఫున సరుకు కొనేవాళ్లు అక్కడికి వస్తారు, వీసా ఖర్చూ ఉండదు.