ప్రీమియర్ తెరవకముందే సగం పని అయిపోవాలి

"వెయ్యికి పైగా టైమ్‌ల్యాప్స్ ఫొటోలు ప్రీమియర్‌లోకి తెస్తే ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోంది, త్వరగా తెచ్చుకునే దారి ఉందా?" అని ఒకరు అడిగారు. ప్రీమియర్ అంటే అడోబ్ వాళ్ల వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. టైమ్‌ల్యాప్స్ అంటే ఒకే చోట కాసేపటికి ఒకటి చొప్పున తీసిన ఫొటోలను కలిపి, వేగంగా నడిచే వీడియోగా చెయ్యడం. దారి ఉంది. కాకపోతే ఫోల్డర్ దగ్గరే మొదలుపెట్టాలి.

నేను ప్రొద్దుటూరులో పెండ్లి వీడియోలు చేస్తాను. ఒకసారి ఒక పెండ్లి వీడియో మొదట్లో వెయ్యడానికి గండికోటలో తెల్లవారడం తీశాను. చీకటి ఉండగానే జమ్మలమడుగు దాటి, పెన్నా లోయ దగ్గర ట్రైపాడ్ పెట్టి, 5 సెకన్లకు ఒక ఫొటో చొప్పున గంటన్నర తీస్తే 1080 వచ్చాయి. గాలికి కదలకుండా ట్రైపాడ్‌కు కెమెరా బ్యాగు వేలాడదీశాను. ఫోన్ చూసుకుంటూ అంచు వైపు వెనక్కి నడిచే కుర్రాళ్లను "ఇవతలికి రా నాయనా" అని పిలవడమే ఇంకో పని. దయచేసి అక్కడ సెల్ఫీలు కాస్త లోపలే తీసుకోండి.

ఇంటికొచ్చి తొందరలో అన్నీ సెలెక్ట్ చేసి ప్రీమియర్‌లోకి లాగాను. ఒక్కో ఫొటో విడి క్లిప్‌గా, డిఫాల్ట్ ప్రకారం 5 సెకన్లు పట్టుకుని కూర్చుంది. గంటన్నర తీసింది గంటన్నరే వచ్చింది! ఒక్కో ఫొటో ఒక ఫ్రేముగా, సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 43 సెకన్లు రావాల్సిన షాట్ అది. పైగా వరుస తారుమారు. ముందు ఎండ, తర్వాత చీకటి. కెమెరా నంబరు 9999 దాటాక మళ్లీ 0001 నుంచి మొదలైంది. కెమెరా రెండు ఫోల్డర్లలో పెట్టినవాటిని నేను ఒకే దాంట్లో కలిపేశాను. సాయంత్రం రిసెప్షన్, పెండ్లికూతురి తమ్ముడు ఫోన్ మీద ఫోన్: "అన్నా, స్క్రీన్ మీద వెయ్యాల, అయిందా?" ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

అప్పుడు ఫొటోలు చూసి సర్దుకునే సాఫ్ట్‌వేర్ అడోబ్ బ్రిడ్జ్ తెరిచి, ఫొటోలను తీసిన సమయం ప్రకారం పేర్చి, అన్నిటికీ ఒకేసారి పేర్లు మార్చే బ్యాచ్ రీనేమ్‌లో నాలుగంకెల నంబర్లు ఇచ్చాను: కోట_0001 నుంచి కోట_1080 దాకా. తర్వాత ఇంపోర్ట్ విండోలో మొదటి ఫొటో ఒక్కటే ఎంచుకుని, 'ఇమేజ్ సీక్వెన్స్' టిక్ పెట్టాను. అంతా ఒకే క్లిప్‌గా దిగింది. ఆ రాత్రి స్క్రీన్ మీద ఎర్రబండల మీదుగా వెలుగు కిందికి జారుతుంటే, పెండ్లికూతురి అవ్వ "ఇది మన గండికోటేనా" అని అడిగి ఇంకోసారి వేయించుకుంది.

యూట్యూబ్‌లో అందరూ ఆ టిక్ ఒక్కటే చూపించి ముగిస్తారు, అదే నా బాధ. వరుస సరిగ్గా లేకుండా టిక్ పెడితే ఏం లాభం? ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములో కూడా ఎవరూ చెప్పరు. ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద 'ఇండిటర్మినేట్ మీడియా టైమ్‌బేస్' దగ్గర ఉన్న ఫ్రేమ్ రేటు మీ టైమ్‌లైన్‌ ఫ్రేమ్ రేటుతో సరిపోవాలి. తెచ్చేశాక గుర్తొస్తే క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి, మాడిఫైలో 'ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్' దగ్గర మార్చుకోవచ్చు.

ఇక ల్యాప్‌టాప్ బిగుసుకుపోవడం. ర్యామ్ కొనమని షాపువాళ్లు చెబుతారు, ముందు ఫొటోలు చిన్నవి చెయ్యండి. 24 మెగాపిక్సెల్ ఫొటో 6000×4000 ఉంటుంది. 4కె వీడియోకు కావాల్సింది 3840×2160. నేను 3840×2560కి కుదించి వేరే ఫోల్డర్‌లో పెట్టుకుంటాను, ఫ్రేమును పైకీ కిందికీ జరుపుకోవడానికి 400 పిక్సెళ్లు మిగులుతాయి. రంగులు సరిచేశాక ఆ క్లిప్‌ను 'రెండర్ అండ్ రీప్లేస్'తో ప్రోరెస్ అనే ఫార్మాట్‌లో ఒకే వీడియో ఫైలుగా మార్చేస్తే, ప్రతిసారీ వెయ్యి ఫైళ్లు తెరిచే బాధ ల్యాప్‌టాప్‌కు ఉండదు.

ప్రీమియర్ బదులు డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఒక మాట. మీడియా పేజీలో ఫొటోలు విడివిడిగా కనిపిస్తే 'ఫ్రేమ్ డిస్‌ప్లే మోడ్'ను సీక్వెన్స్‌కు మార్చండి. అప్పటికీ రెండు మూడు ముక్కలుగా వస్తే మధ్యలో ఏదో నంబరు ఎగిరిపోయినట్టే, ముక్క తెగిన చోట ఫైళ్ల పేర్లు చూడండి.