ముందు ఆ విలన్‌ను తీసెయ్

తమ్మీ,

నీ కథ చదివిన. కాజీపేటల అద్దెకుండే నాగాలాండ్ పిల్లను గల్లీల ఒకడు బూతులు తిడతడు, చివరికి వానికి బుద్ధొస్తది. వాణ్ణి తీసెయ్. వాడున్నంతసేపు చదివేటోడు 'నేను గిట్లాంటోణ్ణి కాదు' అని నిమ్మళంగ ఉంటడు.

నాకు నచ్చింది ఆ ఇంటి ఓనరమ్మ. ఆమెను రెండు ముక్కల్ల దాటేసినవ్. జ్వరమొస్తే చారన్నం పంపేది ఆమెనే, 'మీ చైనా దిక్కు ఏం తింటరు బిడ్డా' అని అడిగేదీ ఆమెనే. 'మాది ఇండియానే ఆంటీ' అంటే నవ్వుతది, నాలుగొద్దులకు మళ్ల అదే అడుగుతది. ప్రేమతోని అడుగుతది గనక అండ్ల తప్పున్నదని ఆమెకు తోచదు, పక్కింటోళ్లకూ తోచదు. పిల్లకు మాత్రం పొద్దుగాల ఆటోల, పగటీలి క్యాంటీన్ల, మాపటీలి ఇంట్ల విన్నయన్నీ జమైతయి. ఒక్కనాడు గట్టిగ జవాబిస్తే 'గింత మాటకేనా?' అంటరు. ఆ సీను నీ కథల లేదు. రాయి.

2014 జనవరిల ఢిల్లీల అరుణాచల్ విద్యార్థి జుట్టును ఒక దుకాణంల వెక్కిరించుడుతోనే గొడవ మొదలైంది. దెబ్బలు తిని పిల్లగాడు చచ్చిపోయిండు. ఈశాన్యమోళ్లు బయటి ఊర్లల్ల పడే తిప్పలు చూడనీకి కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది. ఇది నీకు ఎరుకుంటే చాలు, కథల ఇరికియ్యకు. ఆ వార్త బరువుకు మన ఓనరమ్మ నలిగిపోతది.

ఈశాన్యం పిల్ల సంగతే గదా అని దూరంకెళ్లి చూడకు. రెండేండ్లకోపారి మేడారం పోతం. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేది కోయ పూజారులు. వాళ్ల కోసం లక్షల మంది కండ్లల్ల ఒత్తులేసుకొని చూస్తరు, అమ్మవారికి బంగారమని బెల్లం ఇస్తరు. తిరుగు బస్సుల ఎవడన్న చిల్లర లెక్క తప్పితే 'కోయోని లెక్క చేస్తున్నవేందిరా' అంటరు, బస్సంత నవ్వుతది. అందరూ భక్తులే, నవ్వినోళ్ల సంచుల్ల ఇంకా బెల్లం ఉంటది. ఆ బస్సుల ఒక కోయ పిల్లగాడు గూడ ఉండొచ్చు. అందరితోని వాడూ నవ్వొచ్చు. వాడెందుకు నవ్వుతడో ఆలోచించు, ఇంకో కథ దొరుకుతది.

ఈ కథను ఓనరమ్మ దిక్కు నుంచి తిరగరాసి చూడు. ఆఖర్ల ఆమెతోని క్షమాపణ మాత్రం చెప్పియ్యకు. 'జాత్యహంకారం' అన్న మాట ఎక్కడున్నా కొట్టెయ్. సంక్రాంతి లోపల పంపు, పత్రికకు పోకముందు నేనొకపారి చూస్త.

మీ అన్న,
హన్మకొండ