పొదల అడవికి పాత రైఫిల్

ప్రశ్న: అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉంటున్న మా మేనల్లుడు జింకల వేటకు పాతకాలపు లీవర్ రైఫిల్ కొన్నాడు. ఎంతో దూరం కొట్టే కొత్త తుపాకులుండగా ఇదెందుకు? దాన్ని ఇక్కడికి తెస్తే మన అడవిలోనూ పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ఎంపికలో తప్పేమీ లేదు. అమ్రాబాద్ అడవిలో నడిచినవారికి తెలిసినట్లే, దట్టమైన చెట్ల మధ్య చూపు వంద గజాలు సాగడమే గగనం కనుక, అర మైలు కొట్టే తుపాకీ అక్కడ అక్కరకు రాదు. ఇలాంటి లీవర్ రైఫిళ్లలో ఒకటైన, అమెరికా తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894 రకం పొట్టిగా, పలుచగా ఉండి పొదల్లో చిక్కుకోదు. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న మీటను కిందికి తోసి మళ్లీ పైకి లాగితే ఖాళీ తూటా బయటపడి కొత్తది లోపలికి చేరుతుంది. దాని థర్టీ-థర్టీ తూటా సుమారు 150 గజాల లోపు జింకకు చాలు. బరువైన గుండు కొమ్మలను చీల్చుకుని సూటిగా పోతుందనే మాట మాత్రం వేటగాళ్ల కబురే. కొమ్మ తగిలితే ఏ గుండైనా దారి తప్పుతుంది.

ఈ రైఫిల్‌లో బారెల్ కింద ఉండే గొట్టంలో తూటాలు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి కనుక, గట్టి సూది మొన గల గుండు ముందున్న తూటా అడుగున గుచ్చుకుని లోపలే పేలే ప్రమాదముంది. అందుకే మొద్దు మొన గుండ్లనే వాడాలి. ఈ మాట అతనికి తప్పక చెప్పండి.

ఇక్కడికి తెచ్చే ఆలోచన మానుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర జింకల వేట నేరం, పైగా అమ్రాబాద్ పులుల అభయారణ్యం.